సముద్రపు అడుగున పచ్చిక బీళ్ళు
(ప్రసంగ పాఠము)



పచ్చిక బీళ్ళను గూర్చి, పశువుల మేతను గూర్చి మీకు చెప్పబూనుట సాహసమే యగును. ఏ నేలలో ఏ గడ్డి మొలచునో, ఏ గడ్డి మేసిన గేదె చిక్కని పాలిచ్చునో మీకు తెలిసినంతగా మాకు తెలియదు. కాని నేడు మేము చెప్పబోవు పచ్చిక బీడు ఏ ఊరి పొలిమేరలోను లేదు. అది సముద్రపు అడుగున నున్నది. అందు మేయు ఆవునకు కొమ్ములు లేవు, గిట్టలు లేవు. అయినను అదియు పచ్చగడ్డి తినియే బ్రతుకును. బిడ్డకు పాలిచ్చి పెంచును.

నీటిలో పచ్చగా కనిపించు ప్రతి దానిని మనము నాచు అనుచుందుము. ఇది సరికాదు. నాచునకు నిజమైన వేరు లేదు, పూవు లేదు, గింజ లేదు. అది రాతిని అంటిపెట్టుకొనియుండి, తన దేహమంతటితోను నీటినుండియే ఆహారము గ్రహించును. సముద్రపు గడ్డి యట్లు కాదు. దానికి ఇసుకలో దిగిన వేళ్ళున్నవి. ఇసుక క్రింద ప్రాకు కాండమున్నది. ఆకులు, పూవులు, కాయలు, గింజలు అన్నియు నున్నవి. పేరునకు గడ్డియే గాని శాస్త్రజ్ఞులు దీనిని గడ్డి కుటుంబమున చేర్చరు. మన పెరటి చేమ మొక్కకు ఇది దూరపు చుట్టమందురు. అనేక కోట్ల సంవత్సరములకు పూర్వము నేలమీది మొక్కలు కొన్ని క్రమముగా ఉప్పునీటికి అలవాటుపడి మరల సముద్రములోనికి పోయినవి. వాని సంతతియే నేటి సముద్రపు గడ్డి. ప్రపంచమంతట కలిపి దీనిలో సుమారు 70 జాతులు మాత్రమే కలవు. నేలమీది పూమొక్కలు లక్షల జాతులుండగా, సముద్రములో కాపురము చేయగలిగినవి ఈ కొద్దిపాటివే.

ఈ మొక్క నీటి అడుగున పూయుట, ఆ పూవు ఫలించుట చిత్రమైన సంగతి. అక్కడ తేనెటీగ లేదు, గాలి లేదు. పుప్పొడిని నీరే మోసికొనిపోవలెను. అందుచేత చాల జాతులలో పుప్పొడి గుండ్రని రేణువుగా గాక దారపు పోగువలె పొడవుగా నుండును. ప్రవాహములో తేలిపోవుచు ఆడపూవునకు చుట్టుకొనును. మన దేశపు తీరమున పెరుగు జాతులలో ఒకదాని ఆకులు మీటరునకు పైబడి పొడవుండును. దాని మగపూవులు తొడిమ నుండి తెగి, నీటిపైకి వచ్చి, తెల్లని పేలాల వలె తేలియాడును. అమావాస్య పౌర్ణములకు పోటు బాగుగా తీసిన సమయమున ఆడపూవులు నీటిమట్టమునకు అందుకొని వానిని పట్టుకొనును.

గింజలకంటె వేగముగా ఈ గడ్డి ప్రాకుడు కాండము వలన వ్యాపించును. పొలములో గరికను చూచిన రైతునకు దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. ఒక కణుపు నుండి వేరు క్రిందికి, ఆకు పైకి. మరల కొంత దూరము ప్రాకి మరియొక కణుపు. ఆస్ట్రేలియా పశ్చిమ తీరమున షార్క్ బే అను అఖాతములో 180 కిలోమీటర్ల మేర వ్యాపించిన బీడు ఒకే మొక్క యని 2022 లో పరిశోధకులు ప్రకటించిరి. దాని వయస్సు సుమారు 4,500 ఏండ్లని అంచనా వేసిరి. గరికను పీకి పీకి విసిగిన వారికిది ఆశ్చర్యము గొల్పక పోవచ్చును!

కాని గరికకున్న మొండితనము దీనికి లేదు. ఇది నీటి అడుగున నున్నను సూర్యరశ్మి లేనిదే బ్రతుకజాలదు. నీరు లోతులేక తేటగా నుండవలెను. అడుగు ఇసుకగానో మెత్తని మట్టిగానో యుండవలెను. అలల తాకిడి మితముగా నుండవలెను. ఈ మూడును కుదిరిన చోటు మన దేశములో తమిళనాడునకు, శ్రీలంకకు నడుమ నున్న సముద్రము. రామేశ్వరమునకు ఉత్తరమున నున్నది పాక్ అఖాతము, దక్షిణమున నున్నది మన్నారు సింధుశాఖ. పాక్ అఖాతము చాలచోట్ల పది పండ్రెండు మీటర్ల లోతు మించదు. ఈ రెండు జలభాగములలోను కలిపి 14 జాతుల సముద్రపు గడ్డి పెరుగుచున్నది. లక్షద్వీపములలో, అండమాను దీవులలో, కచ్ సింధుశాఖలో, ఒడిశాలోని చిల్కా సరస్సులో కూడ ఈ బీళ్ళున్నవి.

మన ఆంధ్ర తీరమున ఇవి విస్తారముగా లేకపోవుటకు కారణము మీకు ఇప్పటికే స్ఫురించియుండును. గోదావరి, కృష్ణ మొదలగు నదులు మోసికొనివచ్చు ఒండ్రు వలన తీరపు నీరు తేటగా నుండదు. బంగాళాఖాతపు కెరటములు తిన్నగా వచ్చి ఒడ్డును తాకును. ఆ ఒండ్రు మన వరిచేలకు వరమైనది. సముద్రపు గడ్డికి కాలేదు. రాష్ట్రపు దక్షిణపు కొనయందు మాత్రము, తిరుపతి జిల్లాను ఆనుకొనియున్న పులికాట్ సరస్సులో, ఈ గడ్డి కొంత కలదు.

ఇక ఈ బీటిపై ఆధారపడు ప్రాణులను చూతము. పైనుండి చూచువారికి అది ఖాళీ పచ్చిక వలె కనబడును. నిజమునకు అది క్రిక్కిరిసిన ఊరు. ఒక్కొక్క ఆకుమీద సన్నని నాచు పూతవలె పట్టియుండును. దానిని గీరి తినుటకు చిన్న నత్తలు, చీమతలంత రొయ్యజాతి పురుగులు చేరును. వానికొరకు చేపపిల్లలు వచ్చును. చేపపిల్లలకొరకు పెద్ద చేపలు బీటి అంచున పొంచియుండును. పాక్ అఖాతములో మత్స్యకారులకు మంచి ధర తెచ్చు పచ్చపులి రొయ్య పిల్లగా నున్నప్పుడు ఈ గడ్డిలోనే దాగి పెరుగును. నీలి పీతకు కూడ ఇదియే పుట్టిల్లు. స్క్విడ్డు అను పలు చేతుల ప్రాణి గ్రుడ్ల గుత్తులను ఈ ఆకులకు అంటించి పోవును. కావున ఒడ్డున గంపలోనికి వచ్చిన రొయ్య లోతు నీటిలో పట్టుబడినదైనను, దాని బాల్యము గడచినది ఈ బీటిలో. నారుమడి చెడిన ఏటి పంట యేమగునో రైతునకు తెలియును.

సముద్రపు గుఱ్ఱమును మీలో కొందరు బొమ్మలలో చూచియుందురు. గుఱ్ఱపు ముఖము, చుట్టచుట్టుకొను తోక గల ఈ చిన్న చేప ఈతలో మిక్కిలి బలహీనమైనది. గడ్డి పరకకు తోక చుట్టి నిలిచియుండనిదే ప్రవాహమునకు కొట్టుకొనిపోవును. ఇందు మగదియే పొట్టమీది సంచిలో గ్రుడ్లను మోసి పిల్లలను కనును. సముద్రపు దోసకాయ అను మరియొక ప్రాణి బీటి అడుగున మెల్లగా ప్రాకుచు, ఇసుకను మింగి, అందలి కుళ్ళిన పదార్థమును జీర్ణించుకొని, శుభ్రమైన ఇసుకను వెడలగ్రక్కును. మన పొలములో వానపాము చేయు సేవ వంటిదే యిది. ఈ రెంటిని విదేశములకు ఎండబెట్టి అమ్ముటకై విపరీతముగా పట్టుచుండుటచే, 2001 లో భారత ప్రభుత్వము వీనిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో చేర్చినది.

ఇప్పుడు ఆవు సంగతి. తమిళ మత్స్యకారులు దీనిని కడల్ పసు అందురు. అనగా సముద్రపు ఆవు. ఆవుళియా అను పేరు కూడ వాడుకలో కలదు. పుస్తకములలో డ్యూగాంగ్ అని వ్రాయుదురు. మనము సముద్రపు ఆవనియే అందము. నిజమునకు ఇది ఆవునకు గాక ఏనుగునకు దగ్గర బంధువు. మగదానికి చిన్న దంతములుండును. ఆడదానికి ఏనుగునకు వలెనే ముందు కాళ్ళ చంకలయందు చన్నులుండును. ముందు కాళ్ళు తెడ్లుగా మారినవి, వెనుక కాళ్ళు లేనే లేవు, తోక తిమింగిలపు తోకవలె అడ్డముగా చీలియుండును. పెరిగిన జంతువు సుమారు మూడు మీటర్ల పొడవు, 400 కిలోల వరకు బరువు తూగును. చేపవలె దీనికి మొప్పలు లేవు. కొద్ది నిముషముల కొకసారి ముక్కు నీటిపైకి తెచ్చి గాలి పీల్చుకొనవలెను.

ఇది దినమునకు 30 మొదలు 40 కిలోల గడ్డి మేయును. మేయు తీరు కూడ వేరు. మన ఆవు ఆకును కొరికి వేరును విడుచును. ఇది మందమైన పైపెదవితో ఇసుకను త్రవ్వి, మొక్కను వేరుతో సహా పెకలించి, దులిపి తినును. అందుచేత ఇది మేసిన చోట నాగలిసాలు వంటి చాళ్ళు పడును. ఈ చాళ్ళను చూచియే పరిశోధకులు జంతువు వచ్చినదని గుర్తింతురు. చూచుటకు ఇది బీటిని పాడుచేయుట వలె తోచును గాని, ఖాళీపడిన చాళ్ళలో త్వరగా పెరుగు లేత జాతులు మొలచును. దాని పేడ ఎరువగును. పేడతోపాటు గింజలు దూరప్రాంతములకు చేరును.

మండపములోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాలయము వారు 1959 నుండి సుమారు పదేండ్లపాటు ఒక జంటను తొట్టిలో నుంచి, సముద్రపు గడ్డి మేపుచు పరిశీలించిరి. అంతకు పూర్వము ఆ తీరమున దీని మాంసమును బహిరంగముగానే అమ్ముచుండిరి. నూనెకు, చర్మమునకు కూడ గిరాకి యుండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి షెడ్యూలులో చేర్చి వేటను నిషేధించినది. 1986 లో రామేశ్వరము మొదలు తూత్తుకుడి వరకు గల 21 దీవుల ప్రాంతమును సముద్ర జాతీయోద్యానముగా ప్రకటించిరి.

అయినను మంద పెరుగలేదు. దేశము మొత్తముమీద సుమారు 240 సముద్రపు ఆవులు మాత్రమే మిగిలియుండునని 2022 లో తమిళనాడు ప్రభుత్వము చెప్పిన అంచనా. ఎందువలన నిట్లయినది? మొదటి కారణము దాని స్వభావములోనే యున్నది. ఆడది చూలు కట్టుటకు సాధారణముగా పదేండ్లయినను నిండవలెను. గర్భము పదుమూడు నెలలకు పైగా మోయును. ఒక ఈతకు ఒకటే దూడ. మరల చూలగుటకు మూడు మొదలు ఏడేండ్లు పట్టును. ఎంత అనుకూలమైన కాలమందైనను మంద ఏటికి నూటికి అయిదు కంటె మించి పెరుగజాలదని పరిశోధకుల లెక్క. అనగా 240 జంతువులున్న మంద ఒక ఏడాదిలో పండ్రెండు మాత్రమే పెరుగవచ్చును. అదియు ఒక్కటైనను అకాలముగా చావనప్పుడు. మేత తగ్గినచో ఈతల నడుమ ఎడము ఇంకను పెరుగును.

దీని పెద్ద జ్ఞాతి యొకటి ఉత్తర పసిఫిక్ సముద్రములో నుండెడిది. 1741 లో జర్మను శాస్త్రజ్ఞుడు స్టెల్లరు దానిని చూచి వర్ణించెను. మాంసమునకై నావికులు దానిని చంపుచుండగా 1768 నాటికి, అనగా 27 ఏండ్లలో, ఆ జాతి భూమిమీద లేకుండ పోయినది.

మన సముద్రపు ఆవునకు నేడు వేటకంటె వల ఎక్కువ ప్రమాదకరము. చేపలకొరకు కట్టిన నైలాను వల రాత్రివేళ దానికి కానరాదు. అందు చిక్కుకొనిన జంతువు పైకి రాలేక, ఊపిరాడక కొద్ది నిముషములలోనే చనిపోవును. వల వేసినవాడు దానిని చంపవలెనని కోరలేదు. వల చినిగి అతనికిని నష్టమే. అడుగును ఊడ్చుకొనిపోవు ట్రాల్ వల సంగతి మరియొక విధము. మరపడవలు వచ్చిన పిదప మత్స్యకారుని ఆదాయము పెరిగిన మాట వాస్తవము. ఆ మేలును మేము తక్కువచేసి చెప్పము. కాని బరువైన పలకలు, గొలుసులు కట్టిన వల గడ్డిబీటి మీదుగా పోయినచో ప్రాకుడు కాండముతో సహా తెగిపోవును. లేచిన బురద మిగిలిన ఆకులమీద పేరుకొని వెలుతురును ఆపును. పాక్ అఖాతములోని ట్రాల్ పడవలకు బదులుగా లోతు సముద్రములో గాలపుతాళ్ళతో చేపలు పట్టు పడవల నిచ్చు పథకము 2017 లో ప్రారంభమైనది. అదే యేడు శ్రీలంక ట్రాల్ వలను చట్టరీత్యా నిషేధించినది. అప్పుచేసి మరపడవ కొన్నవానిని ఒక్కనాటితో మానుమనుట సులభము కాదు. అయినను బీటిమీద మాత్రము ఆ వల లాగరాదనుటలో మాకు సందేహము లేదు; రొయ్యపిల్ల పెరుగు చోటును దున్నివేసిన పిదప ఆ పడవకు మాత్రము దొరకునదేమి?

గడ్డికి కలుగు కీడంతయు సముద్రముమీదనే పుట్టదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున జరిగినది చూడుడు. అక్కడ మనాటీ అను గుండ్రని తోకగల జంతువు కలదు. ఇది మన సముద్రపు ఆవునకు దాయాది. తూర్పు తీరమున ఇండియన్ రివర్ అను ఉప్పుకయ్యలో ఇవి శీతకాలమంతయు సముద్రపు గడ్డి మేసి గడపును. చుట్టుపట్ల ఇండ్ల మరుగుదొడ్ల నీరు, తోటలలోను పొలములలోను మిగిలిన ఎరువు వానతో కొట్టుకొనివచ్చి ఏండ్ల తరబడి ఆ నీటిలో చేరినవి. ఎరువుతో కంటికి కానరాని నాచు విపరీతముగా పెరిగి, నీరు చిక్కబడి, వెలుతురు అడుగునకు దిగలేదు. గడ్డి చచ్చినది. 2021 లో ఒక్క ఆ రాష్ట్రముననే 1,100 మనాటీలు మరణించినవి; వానిలో అనేకము ఆకలిచేత. ఆ చలికాలమున ప్రభుత్వోద్యోగులు 90 టన్నులకు పైగా లెట్యూస్ ఆకుకూర నీటిలో వేసి మిగిలినవానిని మేపవలసి వచ్చినది. వేటను ఏనాడో నిషేధించిన దేశములో, చట్టము చక్కగా అమలు జరుగుచున్న చోట ఇది జరిగినదని గమనింపగోరుచున్నాము.

కావుననే మేము ఈ సంగతిని సముద్రపు టొడ్డున లేని గ్రామములవారికి కూడ చెప్పుచున్నాము. చేనిలో అవసరమునకు మించి చల్లిన యూరియా కొంత పైరునకందక నీటితో పోవును. రొయ్యల చెరువుల నుండి వదలిన మురుగు కాలువలో పడును. కాలువ ఏటిలో, ఏరు కయ్యలోనో సముద్రములోనో కలియును. పులికాట్ వంటి సరస్సులో, సముద్రముతో కలుపు ముఖద్వారములు ఇసుకతో పూడుచున్న బెడద యున్నచోట, చేరిన మురుగు బయటికి పోవుటయు కష్టమే.

జంతువును కాపాడిన చాలునని తలచువారికి లక్షద్వీపములు మరియొక పాఠము చెప్పుచున్నవి. మన తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేలు గడ్డి తినదు. పచ్చ తాబేలు అను వేరొక జాతికి గడ్డియే ముఖ్యాహారము. అగత్తి దీవి కయ్యలో ఈ తాబేళ్ళు గుంపులుగా చేరి, బీటిని నేలమట్టముగా మేసివైచినవి. గడ్డి పొట్టిబడగానే అందు దాగు చేపలు తగ్గినవి. తాబేళ్ళవలననే తమ జీవనోపాధి పోయినదని మత్స్యకారులు కోపించిరి. తాబేళ్ళు మేత వెదకుకొనుచు ఇతర దీవుల కయ్యలకు వలసపోయినవి. తాబేలును తిను పెద్ద సొరచేపలు తగ్గుటయు ఈ గుంపులు పెరుగుటకు ఒక కారణము కావచ్చునని పరిశోధకులు తలచుచున్నారు. మందకు తగిన బీడు, బీటికి తగిన మంద ఉండవలెనని పశువుల కాపరికి మేము చెప్పవలసిన పని లేదు.

గడ్డి వలన ఒడ్డునకు కలుగు మేలు కూడ కొంత చెప్పవలెను. వేళ్ళు ఇసుకను పట్టియుంచును. ఆకులు అలల విసురును తగ్గించి నీటిలోని మట్టిని క్రిందికి దించును. ఆకులు గ్రహించిన బొగ్గుపులుసు వాయువులోని బొగ్గు వేళ్ళలోను బురదలోను చేరి వందల ఏండ్లు కుళ్ళక నిలిచియుండును. సముద్రపు అడుగులో వేయింట రెండు వంతులైన లేని ఈ బీళ్ళు, సముద్రము పాతిపెట్టు బొగ్గులో సుమారు పదవ వంతు పాతిపెట్టుచున్నవని అంచనా. అట్టివి 1879 తరువాత, లెక్కకందినంతవరకు, నూటికి 29 వంతులు నశించినవి.

మన దేశములో జరుగుచున్న పని కొంత ఆశాజనకముగా నున్నది. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరమున పాక్ అఖాతములో 448 చదరపు కిలోమీటర్ల జలభాగమును సముద్రపు ఆవుల సంరక్షణ ప్రాంతముగా ప్రకటించినది. మన దేశములో ఇట్టిది ఇదియే మొదటిది. అందు 12,000 హెక్టారులకు మించి గడ్డిబీడు కలదు. బీడు చెడినచోట్ల గడ్డిని నాటుట కూడ జరుగుచున్నది. మంచి బీటినుండి కొద్దిపాటి పిలకలను తీసి, చట్రములకు త్రాటితో కట్టి అడుగున నుంచుదురు. వేళ్ళు పట్టుకొనువరకు చట్రము వానిని కదలనీయదు. వరినాటువలె ఒక్కనాటితో ముగియు పని కాదు. నీటిలో మునిగి, ఒక్కొక్క పిలకను చేతితో కట్టవలెను. నీరు మురికియైనచో శ్రమయంతయు వ్యర్థము. ఉన్న బీటిని కాపాడుకొనుట కంటె చౌకయైన మార్గము లేదని దీనినిబట్టియే గ్రహింపవచ్చును.

తుదకు, తెలుగు మత్స్యకారులతో ఒక మాట. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి పోయి అండమానులో స్థిరపడి చేపలు పట్టుచున్న కుటుంబములు పెక్కు గలవు. గుజరాతు పడవలమీద పనికి పోవువారును కలరు. ఈ రెండు చోట్లను సముద్రపు ఆవులున్నవి. అండమాను నికోబారు దీవులకు ఇది అధికార జంతువు కూడను. మీ వలలో నిది చిక్కినచో మొదట దాని ముక్కు నీటిపైకి వచ్చునట్లు చేయుడు. పిదప వలను కోయుడు. తోకకు త్రాడు కట్టి లాగరాదు, పడవలోనికి ఎక్కింపరాదు, ఒడ్డునకు తేరాదు. ప్రక్కన దూడ యున్నదేమో చూడుడు. తల్లినుండి విడదీసిన దూడ బ్రతుకదు. తరువాత అటవీశాఖవారికి తెలుపుడు. తమిళనాడులో ఈ విధముగా విడిచిపెట్టిన మత్స్యకారులను అటవీశాఖవారు బహుమానములతో సత్కరించుచున్నారు.

కోసిన వల వెల యెవరిచ్చుదురని మీరడుగుట న్యాయమే. రక్షిత జంతువును విడుచుటకై వలను కోసికొనిన మత్స్యకారునకు మహారాష్ట్ర ప్రభుత్వము 25,000 రూపాయల వరకు పరిహార మిచ్చు ఏర్పాటు చేసినది. ఇట్టి ఏర్పాటు తీరమున్న ప్రతి రాష్ట్రములోను ఉండవలెనని మా అభిప్రాయము. మీ సహకార సంఘములు తీర్మానించి ఈ కోరికను మత్స్యశాఖ ముందుంచినచో, ఇక్కడను అట్టి ఏర్పాటునకు అవకాశము కలుగును.